తలకొలతల అమ్మన్న

అమ్మన్న బాబాయి కొత్తవాళ్ళు ఎదురైతే మొహం చూడడు. ముందు నుదురు చూస్తాడు. తరువాత చెవుల పైభాగం. ఆ తరువాత, చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటిస్తూ వెనక్కి వెళ్ళి, తల వెనకభాగం. ఈ మూడూ అయ్యాకే నమస్కారం. మొన్న మా ఊళ్ళోనే, కుదుదండ్ పేటలో ఒక పెళ్ళికి వెళ్ళాం. పెళ్ళికొడుకు ఉద్యోగమేమిటి, ఏ ఊరివాళ్ళు అని అందరూ ఆరాలు తీస్తుంటే, ఈయన అక్షింతలు వేసి వచ్చి నా పక్కన కూర్చుని చెవిలో రహస్యం చెప్పాడు.

"యాభై ఏడున్నర. ఎనకాల కూసింత చదునుగా ఉన్నాది. మీడియం సరిపోద్ది గానీ ఎనక మెత్త మందంది ఎయ్యాల."

లక్ష్మీనరసమ్మ పిన్ని శుభలేఖతో విసురుకుంటూ, "పెళ్ళికూతురి తల కూడా కొలిసీసినారేటి?" అంది.

"పూలజడ అడ్డొచ్చింది," అన్నాడు బాబాయి, నిజంగానే నొచ్చుకుంటూ.

రైళ్ళకూ, పట్టాలకూ, రైల్వే సామానుకూ కాపలా కాసే దళంలో ఆయన హెడ్ కానిస్టేబుల్‌గా చేసి ఈ మధ్యనే రిటైరయ్యాడు. బిలాస్‌పూర్‌లో ఆ దళాన్ని అందరం 'ఫోర్స్' అనే అంటాం. ఏ పోస్టు, అంటే ఏ ఠాణా, ఏ నంబరు అన్నది రాయవద్దని ఆయనే అడిగాడు కాబట్టి రాయను. చివరి పధ్నాలుగేళ్ళు ఆయన స్టోరులో హెల్మెట్లకు పెద్ద. మోటారు సైకిలు హెల్మెట్లు కావు. తూటా వస్తే ఆపేవి. దక్షిణాన అడవుల్లో కొత్త లైను పడుతున్నచోటికి కాపలాకు వెళ్ళే పార్టీలు వాటిని పెట్టుకుని వెళ్తాయి.

ఈ సంగతులన్నీ ఆయన నోటే విన్నాను, చాలా సాయంత్రాలు, వాళ్ళ వాకిట్లో కూర్చుని. ఆయన చెబుతుంటే పిన్ని పక్కన చిక్కుడుకాయలు తుంచుతూ దిద్దుబాట్లు చేస్తుంది. అందుచేత ఇందులో ఎక్కడైనా అతిశయోక్తి కనిపిస్తే అది పిన్ని వంటింట్లోకి వెళ్ళిన సమయంలో ఆయన చెప్పిందని గ్రహించాలి.

బాబాయి వాళ్ళ తాత పలాస వైపు నుంచి ఇంజన్‌షెడ్డు పనికి వచ్చాడు. నాన్న అదే షెడ్డులో పెయింటరు. వ్యాగన్ల మీద అంకెలు రాసేవాడు. "ఒకప్పుడు ఈ యార్డులో తిరిగిన వ్యాగన్లలో సగం మీద అంకెలు మా నాన్న సేతివే," అంటాడు బాబాయి.

"పావు," అంటుంది పిన్ని, తల ఎత్తకుండా.

ఆ ఇంట్లో ఏ వస్తువైనా వెలిసిపోతే పారెయ్యరు, రంగు వేస్తారు. మంచం కోళ్ళు, బియ్యం డబ్బా, తులసికోట, ఒకసారి పిన్ని చెప్పులు కూడా. చిన్నప్పటి నుంచీ అమ్మన్నకు తెలిసింది ఒకటే. మెరిసే వస్తువు బాగున్న వస్తువు. ఈ నమ్మకమే ఆయన్ని పోయిన చలికాలం ముంచినంత పని చేసింది. అది చెప్పాలంటే ముందు ఆయన పనితనం కొంత చెప్పాలి. లేకపోతే ఆయన నన్ను క్షమించడు.

కొత్త కానిస్టేబుల్ ఎవరైనా స్టోరుకు వచ్చి, ఒక హెల్మెట్ తీసి కుండ బోర్లించినట్టు నెత్తిన పెట్టుకుని, "సరిపోయింది చాచా," అని వెళ్ళబోతే బాబాయికి ఒళ్ళు మండేది. "ఇటు రా. కూకో," అని స్టూలు మీద కూలెయ్యడం, దర్జీ టేపు తీసి కనుబొమ్మలకు కాస్త పైగా, చెవుల మీదుగా తలచుట్టూ ఎన్ని సెంటీమీటర్లో కొలవడం. తరువాత హెల్మెట్ లోపలి మెత్తలు ఒక్కొక్కటీ పీకి, ఆ తల ఎత్తుపల్లాలను బట్టి మళ్ళీ అతికించడం. ముందు అంచు కనుబొమ్మల మీద ఒక వేలెడు ఎత్తులో ఆగాలి. అంతకన్నా పైకి ఉంటే నుదురంతా బయటే. కిందికి ఉంటే చూపు సగమే. అంచు నేలకు సమానంగా ఉండాలి, పెళ్ళివారి టోపీలా వెనక్కి వాలకూడదు.

తరువాత పరీక్షలు. "గంగిరెద్దులాగ తలాడించు. ఇంకా. ఇంకా. సన్నాయి లేదని సిగ్గుపడతావేటి?" హెల్మెట్ తలతో పాటు ఆడాలి, తల మీద విడిగా ఆడకూడదు. వెనక నుంచి అరచేత్తో తోస్తాడు. అది కళ్ళ మీదికి జారితే మళ్ళీ మొదటికి. చివరిది గడ్డం పట్టీ. "ఇప్పుడు ఆవలించు." ఆవలిస్తే పట్టీ బిగిసి హెల్మెట్ కొద్దిగా కిందికి లాగినట్టుండాలి. గొంతు మాత్రం నొక్కకూడదు. డ్యూటీలో ఆవలించినందుకు తిట్లు తిన్నవాళ్ళంతా ఆ స్టోరులో ఆవలించి మార్కులు తెచ్చుకున్నారు.

ఒక ఏడాది మన తెలుగువాళ్ళు నలుగురు సింహాచలం వెళ్ళి, మొక్కు తీర్చుకుని నున్నటి గుండ్లతో వచ్చారు. మర్నాడే డ్యూటీ. నలుగురి తలల మీదా హెల్మెట్లు గిర్రున తిరిగాయి. ఒకడిది తిరిగి తిరిగి పక్కకు వచ్చి, ఒక చెవి మీద ఆగింది. "అప్పన్నకి జుత్తు ఇచ్చినారు. బాగున్నాది. నాకు ఒక్క కబురైనా ఇవ్వొద్దేటి?" అని బాబాయి ఆ రోజంతా మందం మెత్తలు వెతికి సర్దాడు. నెల తిరిగేసరికి జుట్టు మొలిచి అవే హెల్మెట్లు బిగుతయ్యాయి. మళ్ళీ సర్దాడు. అప్పటి నుంచీ ఆ పోస్టులో తెలుగువాడు ఎవడు మొక్కుకున్నా, సెలవు చీటీ ఇన్‌ఛార్జికీ, తలనీలాల కబురు అమ్మన్నకూ ఇవ్వడం ఆనవాయితీ అయింది.

పోషణ సంగతి సరేసరి. హెల్మెట్ మీద ఎవరూ కూర్చోకూడదు. పట్టీ పట్టుకుని మేకుకు తగిలించకూడదు. అందులో వేరుశనక్కాయలు పోసుకుని తినకూడదు. జీపు ముందు అద్దం దగ్గర ఎండలో వదలకూడదు. గోరువెచ్చటి నీళ్ళు, కాస్త సబ్బు, మెత్తటి గుడ్డ, నీడలో ఆరబెట్టడం. మెత్తలు విడిగా చేత్తో పిండాలి. పోస్టులో నీడ చాలదని ఆ మెత్తలు ఇంటికి తెచ్చేవాడు.

"ఇరవై మంది మొగోళ్ళ తలసెమట నా దొడ్లో ఆరేసీవోరు," అంది పిన్ని. "ఎవరైనా సుట్టాలొస్తే, ఇవేటి పిన్నీ అప్పడాలా అని అడిగీవోరు."

ఎవరైనా హెల్మెట్ కింద పడేస్తే, చిత్రంగా, తిట్టేవాడు కాదు. పట్టుకుని కిటికీ దగ్గరికి పోయి, బొటనవేళ్ళతో అంచు చుట్టూ మామిడిపండు చూసినట్టు నొక్కేవాడు. ఎక్కడైనా మెత్తబడిందా, పొర లేచిందా, పగులు కనిపిస్తోందా అని వెతికేవాడు. అనుమానం వస్తే పక్కన పెట్టేసేవాడు, ఎవరు ఎంత చెప్పినా వినేవాడు కాదు. ఇంత ఎరిగినవాడు ఒక్కటి ఎరగడు. హెల్మెట్లతో పాటు పెట్టెలో ఒక చిన్న పుస్తకం వచ్చింది. పధ్నాలుగేళ్ళూ అది ప్లాస్టిక్ సంచీలోనే ఉంది. "పుస్తకంలో తలకాయలుండవు గదా," అన్నది ఆయన వాదన.

ఇక పోయిన చలికాలం. పెద్ద సాహెబుగారి వార్షిక తనిఖీ అన్నారు. రైల్వే ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఈ మాట వినగానే ముక్కుకు రంగు వాసన తగులుతుంది. పదిరోజుల్లో కదలని వస్తువులన్నింటికీ రంగు పడుతుంది. పూలమొక్కల చుట్టూ రాళ్ళకు తెలుపు, ఇసుక బకెట్లకు ఎరుపు, వేపచెట్లకు నడుం దాకా సున్నం, మీద ఒక జేగురు పట్టీ. ఒక కుక్క గోడకు ఆనుకుని పడుకుని సగం పచ్చగా లేచింది.

తనిఖీకి రెండు రోజుల ముందు, సాయంత్రం, పిన్ని తమ్ముడు గిరిబాబు స్టోరుకు వచ్చాడు. దయాల్‌బంద్‌లో ఉంటాడు, వ్యాగన్ డిపోలో పెయింటరు. గుమ్మంలో నిలబడి బీరువాలోకి తొంగి చూశాడు.

"బావా, ఊళ్ళో బకెట్లన్నీ మెరుస్తన్నాయి. నీ హెల్మెట్లేటి, ముసిలి తాబేళ్ళలాగున్నాయి?"

ఆ ఒక్క మాట చాలింది. ఆ రోజు స్టోరులో ఉన్నవి పదహారు. మిగిలిన నాలుగూ ఒక చిన్న పార్టీతో లైను మీద ఉన్నాయి. పధ్నాలుగేళ్ళుగా ఎవరినీ వేలు ముట్టనివ్వని మనిషి, బావమరిది తెచ్చిన థిన్నరులో గుడ్డ ముంచి ఆ పదహారింటి మీద గీతలూ మరకలూ పోయేదాకా తుడిచాడు. తరువాత ఆకుపచ్చ రంగు, రెండు పూతలు.

"మూడు," అంది పిన్ని. "ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుంటా మూడని మురిసిపోనారు."

తనిఖీ రోజు పెద్ద సాహెబు ఒక హెల్మెట్ చేతిలోకి తీసుకున్నారు. దానిలో తన మొహం కనిపించింది కాబోలు, మీసం ఒకసారి సవరించుకుని, "బహుత్ అచ్ఛే," అన్నారు. పోస్టు ఇన్‌ఛార్జి సాహూ సాబ్ అక్కడికక్కడే రెండంగుళాలు పెరిగారు. మెచ్చుకోలు ఉత్తరం వస్తుందని, అందులో హెల్మెట్ల ప్రస్తావన ప్రత్యేకంగా ఉంటుందని సాయంత్రానికల్లా కబురు. అమ్మన్న రిటైర్మెంటుకు ఇంకా ఇరవై రోజులు. అలాంటి ఉత్తరంతో ఇంటికి పోవడం ఎవరికి చేదు? పిన్ని గోడకు మేకు కొట్టించే చోటు కూడా చూసింది. ఈ మాట ఆవిడే ఒప్పుకుంది.

స్టోరులో ఆయన కింద పని నేర్చుకుంటున్న అమ్మాయి కానిస్టేబుల్ తనూజ. ఆమె తండ్రి రమణబాబు, అమ్మన్న ఒకేసారి ఫోర్సులో చేరారు. రమణబాబు జబ్బు చేసి పోయి ఆరేళ్ళయింది. తనూజకు తెలుగు చదవడం రాదు. మాట్లాడేది సగం హిందీ. కానీ కాగితం కనిపిస్తే వదలదు. సమోసా చుట్టిన కాగితం కూడా చదివి పారేస్తుంది. తనిఖీ మర్నాడు, పెయింటు వాసనకు తల తిరిగి కిటికీ పక్కన కూర్చుని, ఊరికే చేతికి దొరికిన ఆ ప్లాస్టిక్ సంచీ విప్పింది.

బాబాయి టీ తెప్పించి, పదహారింటినీ వరసగా పెట్టి చూసుకుంటున్నాడు.

"మావయ్యా," అంది తనూజ. "గురువారం ఎళ్ళే పార్టీలో నా పేరు కూడా ఉంది కదా. నాకు ఏది ఇస్తావు?"

"ఏది కావాలంటే అదే అట్టుకో గుంటా. అన్నీ కొత్త పెళ్ళికూతుళ్ళలాగున్నాయి."

ఆమె హిందీలో ఒక వాక్యం పైకి చదివింది. బాబాయి గ్లాసు కింద పెట్టాడు.

"మళ్ళీ సదువు."

మళ్ళీ చదివింది. పైన రంగు వెయ్యకూడదు. థిన్నరు, పెట్రోలు, కిరసనాయిలు తగలనివ్వకూడదు. లోపలి పొరలను అతికించిన జిగురు దెబ్బతింటుంది. దెబ్బతిన్నదీ లేనిదీ పైకి కనిపించదు.

"మళ్ళీ."

మూడోసారి చదివాక ఆయన నవ్వబోయాడు. "కంపెనీవోళ్ళు అలాగే రాస్తారు. మందు సీసా మీద రాయరా, పిల్లలకి అందకుండా పెట్టమని? అలాగే ఇదీని."

"అచ్ఛా," అంది తనూజ. వాదించలేదు. పుస్తకం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "మరి నాకు ఏది ఇస్తావు మావయ్యా?"

"నీకా? లైను మీద నుంచి ఆ నాలుగూ రేపు వచ్చీస్తాయి. అందులో ఒకటి తీసి నీకు..."

తనూజ కిటికీ బయటికి చూస్తోంది. పార్టీలో మొత్తం ఇరవై మంది. రంగు తగలనివి నాలుగు.

"ఠీక్ హై," అంది ఆ పిల్ల, చాలా మెల్లగా. "మిగతా పదహారు ఎవరికి ఇద్దాం? నువ్వు చెబితే నేను పేర్లు రాస్తాను."

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన టీ తాగలేదు. వాకిట్లో కూర్చుని ఒక పాత కవరు వెనక పేర్లు రాయడం మొదలుపెట్టాడు. నాలుగు మంచి హెల్మెట్లు, ఎవరికి? కొత్తగా పెళ్ళయినవాడికా? పిల్లలున్నవాడికా? దూబే తల యాభై తొమ్మిది, చెవుల దగ్గర వెడల్పు. నేతామ్‌ది యాభై నాలుగు, ఆ పోస్టులోకెల్లా చిన్నది, రెండు వరసలు మెత్తలు వేస్తే గానీ నిలవదు. ఒక్కొక్క పేరు రాస్తుంటే ఒక్కొక్క తల చేతికి తగులుతోంది. ఇక్కడ సొట్ట, ఇక్కడ ఎత్తు, ఇక్కడ చిన్నప్పుడు రాయి తగిలిన మచ్చ.

పిన్ని వెనక నుంచి ఆ కవరు చూసింది. అప్పటికి ఆవిడకు విషయం తెలిసిపోయింది. ఆ ఇంట్లో ఆయన టీ తాగకపోతే ఏదో జరిగినట్టే.

"నా పధ్నాలుగేళ్ళలో ఒక్కడికి కూడా తూటా తగల్లేదే," అన్నాడు బాబాయి, ఆవిడ అడగకుండానే.

"అయితే అవి పెట్టుకోవద్దని సెప్పండి. మోతబరువు తగ్గుద్ది."

"రిటైర్మెంటు ముందు ఇదేటే నాకు? పెద్ద సాహెబు మెచ్చుకున్నాక ఇవి పనికిరావని నేనెలా సెప్తాను? ఎవడు పాడు సేసినాడంటే ఏటి సెప్పాల?"

పిన్ని ఆయన చేతిలో కలం తీసుకుని కవరు మీద పెట్టింది. "సరే. ఎవడి తల తక్కువదో మీరు సెప్పీయండి. నేను గీత గీస్తాను."

ఆయన ఆ పేర్ల మీద వేలు పైనుంచి కిందికి నడిపాడట. ఏ ఒక్కదాని దగ్గరా వేలు ఆగలేదు. కవరు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "టీ వెచ్చబెట్టు," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే గిరిబాబుకు ఫోను చేసి చెప్పాడు. అవతల నుంచి మొదట వచ్చిన మాట, "బావా, నా పేరు సెప్పీకు."

"నీ పేరెందుకురా? బ్రష్షు నా సేతిలో ఉన్నాది."

"అలాగైతే ఒక పని సెయ్యి. మా డిపోలో నడవకూడని వ్యాగను మీద సుద్దతో 'సిక్' అని, జబ్బుదని రాసీస్తాం. ఇంక ఎవడూ దాన్ని రైలుకి తగిలించడు. నువ్వూ రాసీయి. ఎవడైనా నీ ఎనక సాటుగా పంచీకుండా."

గిరిబాబు జీవితంలో ఇచ్చిన ఒకే ఒక మంచి సలహా అదేనని బాబాయి అంటాడు. తమ్ముడి మీద మాట పడితే ఊరుకోని పిన్ని ఇక్కడ మాత్రం దిద్దలేదు. పదహారు మెరిసే హెల్మెట్ల మీద, పదహారు సార్లు, సుద్దముక్కతో 'సిక్' అని పెద్ద అక్షరాలతో రాసి, తలుపుకు తాళం వేసి, సాహూ సాబ్ గదికి వెళ్ళాడు.

సాహూ సాబ్ మొదట నమ్మలేదు. "అమ్మన్నా, పాగల్ హో గయే హో క్యా, పిచ్చెక్కిందా? మొన్న సాబ్ శెభాష్ అన్నవి ఇవాళ పనికిరావా?"

"మొన్న సాబ్ రంగుని మెచ్చుకున్నారు సాబ్. ఆ రంగే తప్పు."

"ఎవరు వెయ్యమన్నారు?"

"ఎవరూ వెయ్యమనలేదు."

సాహూ సాబ్ కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన చెడ్డమనిషి కాడు. కానీ ఉత్తరం దారిలో ఉంది. "చూడు, నీకు ఇరవై రోజులు లేవు. నువ్వు ఇంటికి వెళ్ళాక, ఒక నెల ఆగి, నెమ్మదిగా నేనే అన్నింటినీ తీయించేస్తాను. ఎవరికీ ఇబ్బంది ఉండదు. గురువారం పార్టీ ఒక్కటి వెళ్ళి రానీ."

బాబాయి రాసి తెచ్చిన కాగితం బల్ల మీద పెట్టాడు. హిందీలో మూడు వాక్యాలు. రంగు నేనే వేశాను. ఎవరూ వెయ్యమనలేదు. ఇవి తలకు పనికిరావు. కింద సంతకం.

సాహూ సాబ్ చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు.

"నా హెల్మెట్?"

"మీదీ అందులోనే ఉన్నాది సాబ్. ఏడో నంబరు. పార్టీతో పాటు మీరు గురువారం మొదటి మజిలీ దాకా ఎళ్తన్నారు గదా. మీ తల అరవై. కుడిపక్క పల్చటి మెత్త."

సాహూ సాబ్ చెయ్యి తనంతట తాను పైకి లేచి తల కుడిపక్క తడుముకుంది. తరువాత ఆయన ఫోను అందుకున్నారు.

గురువారం ప్రయాణం శనివారానికి మారింది. వేరే స్టోరు నుంచి పదహారు హెల్మెట్లు అప్పుగా శుక్రవారం పొద్దున్న లోకల్ బండిలో వచ్చాయి. ఆ బండి బిల్హా స్టేషన్లో ముప్పావుగంట ఆగిపోతే, బాబాయి ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరుగుతూ తనూజ చేత తొమ్మిదిసార్లు ఫోను చేయించాడు. వచ్చినవన్నీ పాతవే. రంగు వెలిసిపోయి, గీతలు పడి, పరాయి తలల చెమటతో. బాబాయి ఒక్కొక్కదాన్నీ వెలుతురులో తిప్పి, అంచులు నొక్కి, బోల్టులు బిగించి చూసి, వాటిని మహారాణుల్లా మోసుకొచ్చాడు. మెత్తలు పిండి ఆరేసే వ్యవధి లేదు. తడిగుడ్డతో తుడిచి గుడ్డ పరిచి ఫ్యాను కింద ఆరబెట్టాడు.

ఆ రోజంతా స్టూలు ఖాళీ లేదు. టేపు, మెత్తలు, తలాడించడం, ఆవలించడం. అంతా ఎప్పటిలాగే. కానీ తిట్లు లేవు. రంగేసిన హెల్మెట్ తనకు రావలసిన ప్రతివాడికీ, మెత్త సర్దుతూ, వెనక నిలబడి చెప్పాడు. "నీదాన్ని నేనే పాడుసేసినాను. తెలీక సేసినాను. ఇది బాగున్నాది, నేను సూసినాను." పదహారు సార్లు. వెనక నిలబడి ఎందుకని నేను అడిగితే, "మెత్త ఎనకాలే గదా ఉంటాది," అన్నాడు. పిన్ని చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

దూబే మాత్రం ఊరుకోలేదు. "అరే చాచా, అది పాడైందా? నిన్న దాన్లో చూసుకునే తల దువ్వుకున్నాను. ఇంత మంచి అద్దం మా ఇంట్లో లేదు."

నేతామ్ స్టూలు మీద కూర్చుని బాబాయి మొహంలోకి చూసి, ఏమైంది బాబాయ్ అని వాళ్ళ ఛత్తీస్‌గఢీలో, "కా హోగే కకా? ఇవాళ ఒక్క తిట్టూ లేదు. మేం తిరిగి రామనుకుంటున్నావా?" అన్నాడు. అంతే. అక్కడి నుంచి మళ్ళీ తిట్లు మొదలయ్యాయి. చివరి నలుగురికీ కరువుతీరా దక్కాయి. తనూజకు ఆయన ఆ నాలుగు మంచివాటిలో ఒకటి తీస్తే, అవి లైను మీద నుంచి తెచ్చిన నలుగురికే సరిపోయి ఉన్నాయని చెప్పి, ఆమె అప్పుగా వచ్చినవాటిలో వరసకు తగిలినదే తీసుకుంది. చెవి దగ్గర కాస్త ఒరుసుకుంటోందని ఆ రోజు చెప్పలేదు.

మెచ్చుకోలు ఉత్తరం రాలేదు. సంజాయిషీ అడుగుతూ ఇంకో ఉత్తరం వచ్చింది. బాబాయి అవే మూడు వాక్యాలు మళ్ళీ రాసి పంపాడు. ఆయన సర్వీసు కాగితాల్లో ముప్ఫై అయిదేళ్ళలో లేని ఎర్ర సిరా గీత ఒకటి చేరింది. రిటైర్మెంటు రోజు పార్టీ ఇంకా అడవిలోనే ఉంది. పోస్టులో మిగిలిన ఆరుగురూ దండ వేసి, మిఠాయి పెట్టి, గోడగడియారం ఇచ్చారు. సాహూ సాబ్ చిన్న ప్రసంగం చేస్తూ హెల్మెట్ల మాట ఎత్తబోయి, నీళ్ళు తాగి, క్రమశిక్షణ గురించి మాట్లాడారు.

"ఉత్తరానికి సూసిన చోటే గడియారం ఎట్టినాం," అంది పిన్ని. "పది నిమిషాలు ముందుకి నడుస్తాది."

"అయిదు," అన్నాడు బాబాయి. నేను విన్నంతలో ఆయన ఆవిణ్ణి దిద్దింది ఆ ఒక్కసారే.

పార్టీ వెళ్ళిన మూడు వారాల తరువాత, ఒక మధ్యాహ్నం, తిరిగి వచ్చింది. అడవిలో ఏమీ జరగలేదు. ఒక తూటా పేలలేదు, ఒక రాయి పడలేదు. దోమలు మాత్రం ఉన్నాయట. కాబట్టి ఆ పదహారు రంగు హెల్మెట్లు పెట్టుకుని వెళ్ళి ఉన్నా ఇలాగే తిరిగి వచ్చి ఉండేవారని ఎవరైనా అనవచ్చు. గిరిబాబు అన్నాడు కూడా. బాబాయి వినిపించుకోలేదు. రిటైరై వారమైన మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పిన్నిని వెంటబెట్టుకుని, బండి వేళకు అరగంట ముందే ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. నన్నూ రమ్మంటే వెళ్ళాను.

మొదటి మజిలీ నుంచే వెనక్కి వచ్చేసిన సాహూ సాబ్ పోగా పంతొమ్మిది మందీ దిగారు. దిగుతూనే ఆయన్ని చూసి, పలకరింపులు లేవు, దండాలు లేవు, ఫిర్యాదులు మొదలయ్యాయి. దూబే కణతల దగ్గర నొక్కి నొక్కి మూడు వారాలుగా తలనొప్పి అన్నాడు. నేతామ్ హెల్మెట్ మూడో రోజు నుంచీ జారుతోందట, తువ్వాలు మడిచి లోపల కుక్కుకున్నాడట. తువ్వాలు మాట విని బాబాయి గుండె పట్టుకున్నాడు. ఇంకొకడికి పట్టీ రాసుకుని గడ్డం కింద ఎర్రగా కమిలింది. అందరూ ఒకేసారి చెబుతున్నారు. అంత సంతోషంగా తిట్లు తింటున్న మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు.

"ఒకలి తరవాత ఒకలు," అన్నాడు చివరికి. సిమెంటు బెంచీ మీద దూబేని కూర్చోబెట్టి, చొక్కా జేబులోంచి టేపు తీశాడు. తనూజ వెనక నిలబడి, "మావయ్యా, నాది ఎడమ చెవి," అని తన వంతు చెప్పుకుంది.

"మూడు వారాల కితం సెప్పుండాల్సింది."

"అప్పుడు చెబితే నాలుగిట్లో ఒకటి ఇచ్చేసేవాడివి."

బాబాయి దూబే కణతల మీద బొటనవేళ్ళు పెట్టి, ఎక్కడ నొప్పి, ఇక్కడా, ఇక్కడా అని వెతుకుతున్నాడు. పోర్టర్లు సామాను బండ్లు పక్కకు తిప్పుకుని పోతున్నారు. గంట గడిచింది. పిన్ని సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, "ఏటండీ, రిటైరైనారని గేపకముందా? ఇంటికి ఎళ్దారి రండి," అంది.

"ఉండవే," అన్నాడు అమ్మన్న, వెనక్కి తిరక్కుండానే. "ఇంకా పదకొండు తలలున్నాయి."